అగ్గిమెట్ట ఉష్ణ సహాయకుడు

సెగదీవిలోని అగ్గిమెట్ట పొగ వదలాలంటే దీవి మీద ఎవరో ఒకరు మనస్ఫూర్తిగా సిగ్గుపడాలి. ఈ సంగతి పర్యాటక శాఖ కరపత్రంలో లేదు గానీ, శాఖ నిబంధనల పుస్తకంలో నాలుగో పేజీలోనే ఉంది. సిగ్గంటే పెళ్లికూతురి సిగ్గు కాదని, తలెత్తుకోలేని సిగ్గని, దాని కింద చిన్న అక్షరాల్లో వివరణ కూడా ఉంది.

దీవి మొత్తం ఆ మెట్టేననాలి. తీరం నుంచి లాంచీలో ఒక పగలంతా వస్తే ముందు మెట్ట నెత్తి కనిపిస్తుంది, తర్వాత దాని నోరు. ఆ నోట్లోంచి ఎప్పుడో కారి గడ్డకట్టిన నల్లరాయి సముద్రం దాకా దిగింది. అలలు ఆ రాయిని నూరి నూరి నల్ల ఇసుక చేశాయి. దానికి నల్లరేవని పేరు. తూర్పు వాలులో ఉడుకు గుండం ఉంది. యాత్రికులు తాటాకు బుట్టలో గుడ్లు పెట్టి అందులో ముంచితే ఏడు నిమిషాల్లో ఉడుకుతాయి. ఇంకొంచెం పైన రాతి కన్నాలు బుసకొడుతూ ఉంటాయి. ఇవన్నీ మెట్ట వేడి మీద ఆధారపడినవే. మెట్ట వేడి సిగ్గు మీద ఆధారపడినది. అందుకని శాఖలో ఉష్ణ సహాయకుడనే పోస్టు ఒకటి ఉంది. ఉద్యోగి ఉదయం తొమ్మిదిన్నర నుంచి నాలుగు వరకు మెట్ట భుజం మీదున్న గదిలో కూర్చుని సిగ్గుపడాలి. సోమవారం సెలవు.

పదకొండేళ్లుగా ఆ పోస్టులో ఉన్నవాడు సూరాడ తోటయ్య. అంతకు ముందున్న ఆయన తూనికలు కొలతల ఇనస్పెక్టరుగా చేసి వచ్చినవాడు. మొదట్లో బాగానే పనిచేశాడు. రానురాను తన పాత తప్పులను నలుగురిలో కథలుగా చెప్పి నవ్వించడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా మెట్ట ఆరిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లు పోస్టు ఖాళీ. శాఖలోని పెద్దలు తీరం నుంచి వచ్చి తామే వరసగా కూర్చుని చూశారు. ఉష్ణమాపకంలో సూది కదల్లేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉందని రాసుకుని వెళ్లిపోయారు.

తోటయ్య చేపలవాడు. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఒక రోజు అతను, అతని అక్క పోలమ్మ మొగుడు ఎర్రయ్య కలిసి వేటకెళ్లారు. వచ్చేటప్పుడు నల్లరేవు ఎదుట పడవ బోల్తా పడింది. ఎర్రయ్య ఒడ్డుకు రాలేదు. తోటయ్య ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను కరుచుకుని వచ్చాడు. బావను కెరటం తీసుకుపోయిందని, తను చాలాసేపు వెతికానని చెప్పాడు. ఊరు నమ్మింది. పదిహేనో రోజున బడి ముందు సభ పెట్టి, ప్రాణానికి తెగించి బావ కోసం వెతికిన మనిషని శాలువా కప్పారు. శాలువా భుజాల మీద పడిన క్షణంలో, నాలుగేళ్లుగా చల్లగా ఉన్న అగ్గిమెట్ట గుప్పుమని పొగ వదిలింది. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు శాఖవాళ్లు నియామక పత్రం పట్టుకుని తోటయ్య ఇంటికి వచ్చారు.

శాఖ కారణం అడగదు. నిబంధన ప్రకారం వేడి మాత్రమే నమోదు చేసుకోవాలి. ఉద్యోగి పాటించవలసినది ఒక్కటే: తన సిగ్గును ఎవరితోనూ పంచుకోకూడదు. పంచుకుంటే వేడి పోతుంది.

గదిలో ఒక కుర్చీ, నల్లరేవు వైపు ఒక కిటికీ. తోటయ్య అక్కడ కూర్చుని సముద్రాన్ని చూసేవాడు. మొదటి రెండేళ్లు ఆ చూపు చాలింది. మూడో ఏట బావ ముఖం కొంచెం మసకబారింది. ఉదయం పూట పొగ పలచనైంది. ఆ రోజుల్లోనే పోలమ్మ అతనికి మధ్యాహ్నం కేరేజీ పంపడం మొదలుపెట్టింది. ఆమెకు గుండం దగ్గర గుడ్ల బడ్డీ ఉండేది. ఒక్క కూతురు. తనకున్నదాంట్లోనే నెత్తళ్ల చేపల పులుసు కాచి, అన్నం కూరి, పైకెళ్లే గైడు చేత పంపేది. తోటయ్య మూత తీసేవాడు. పులుసు వాసన తగిలేసరికి మెడ వంగిపోయేది. బయట మెట్ట నల్లగా, దట్టంగా పొగలు కక్కేది. మధ్యాహ్నం రెండింటికి వచ్చినవాళ్లకు దృశ్యం బాగుంటుందని గైడ్లు లాంచీ దిగేవాళ్లకు ముందే చెప్పేవాళ్లు.

పదకొండో ఏట ఉపసంచాలకురాలిగా కరణం హైమవతి వచ్చింది. మర్యాదస్తురాలు. ఉద్యోగులందరినీ గారూ అని పిలిచేది. వచ్చిన వారంలోనే తోటయ్య గదికి వెళ్లి, తలుపు తట్టి, అనుమతి అడిగి లోపలికి వచ్చింది.

"తోటయ్య గారూ, ఈ సీజనుకి వేడి కాస్త పెరగాలి. మీ సర్వీసు కాగితాలు చూశాను. శాలువా కప్పిన రోజున వచ్చినంత పొగ మళ్లీ ఎప్పుడూ రాలేదు."

"అవునండి," అన్నాడు తోటయ్య.

"అందుకని మళ్లీ సన్మానం పెడుతున్నాం. నల్లరేవులో ఎర్రయ్య గారి పేరున రాయి నిలబెడతాం. రాయి మీద మీ సాహసం గురించి నాలుగు వాక్యాలుంటాయి. మీ అక్కగారు మీకు దండ వేస్తారు. ఆవిడ ఒప్పుకున్నారు."

తోటయ్య లేచి నిలబడ్డాడు. కిటికీ బయట మెట్ట అప్పటికే బుసకొడుతోంది. హైమవతి అటు చూసి, సంతోషించి, గడియారం చూసుకుని సమయం రాసుకుంది.

"అమ్మా, ఆ దండ మీరే ఎయ్యకూడదా?"

"నేను వేస్తే ఏముంటుందండీ? వేడి రావాలి కదా," అంది హైమవతి నెమ్మదిగా. నొప్పి పుడుతుందని ముందే చెప్పి సూది పొడిచే నర్సులా ఉంది ఆ గొంతు.

సన్మానానికి ముందురోజు సోమవారం. పొద్దున్నే తోటయ్య గుండం దగ్గరికి దిగాడు. పోలమ్మ బడ్డీ వెనక పీట మీద కూర్చుని, బకెట్ నీళ్లలో గుడ్లు ఒకటొకటే వదిలి చూస్తోంది. మునిగినవి బుట్టలోకి, తేలినవి పక్కకి. తమ్ముడిని చూసి ఇంకో పీట ముందుకు తోసింది. అతను కూర్చోలేదు.

"అప్పా, రేపు నాకు దండ ఎయ్యొద్దు."

"ఏం?"

"బావని కెరటం తీసుకుపోలేదు."

పోలమ్మ ఇంకో గుడ్డు నీళ్లలో వదిలింది. అది మునిగింది. తీసి బుట్టలో పెట్టింది.

"డబ్బా బావ సేతిలో ఉండేది," అన్నాడు తోటయ్య. "ఆ డబ్బాకి ఒక్కడే ఆగుతాడు. నాను లాక్కున్నాను. లాక్కున్నప్పుడు బావ నన్ను తిట్టనైనా తిట్టలేదప్పా. నా మొకం సూసినాడు, అంతే. నాను ఎతకనూ లేదు. ఎనక్కి తిరిగి సూడలేదు."

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"ఆ దినం నాను రేవు రాళ్ల మీద బట్టలారేస్తన్నాను," అంది పోలమ్మ, బకెట్‌లోకే చూస్తూ. "డబ్బా మీ బావ సేతిలో ఉండడం సూసినాను. కెరటం అడ్డొచ్చి పోయినాక నీ సేతిలో ఉండడం సూసినాను. మద్దెన ఏటైనాదో ఇంకొకలు సెప్పాలేటి?"

తోటయ్య ఇసుకలో చతికిలబడ్డాడు.

"మరి పదకొండేళ్లు ఎందుకు కూడెట్టినావే?"

అప్పుడు పోలమ్మ చేతిలో గుడ్డు ఆగిపోయింది.

"శాలువా కప్పిన దినం నాను సభకొచ్చింది సప్పట్లు కొట్టడానికి కాదురా. లెగిసి సెప్పీద్దారని వొచ్చినాను. నోరు తెరిసినాను కూడాను. అంతట్లో మెట్ట పొగలేసింది. నాలుగేళ్లయింది దీవి మీదికి లాంచీ నిండుగా వొచ్చి. నా బడ్డీ మూసి నాలుగేళ్లు. పిల్ల గంజి తాగి తొంగుంటంది. నాను సెప్పీసినానంటే నీ బరువు దిగిపోద్ది, మెట్ట ఆరిపోద్ది. నోరు మూసీసినాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "కేరేజీ పేమతో అంపినాననుకున్నావా? నా సేతి కూడు తింతే నీకు సిగ్గెక్కువవుద్దని నాకు తెలుసు. పొగ సన్నబడ్డ దినం పులుసులో ఇంకో రెండు నెత్తళ్లు ఎక్కువేసేదాన్ని. నా మొగుడి సావు మీద నాను గుడ్లుడకేసుకున్నాన్రా, తమ్ముడా."

ఆ మాట పూర్తయ్యీ కాకముందే నేల అదిరింది. అగ్గిమెట్ట నోట్లోంచి ముందు ఎర్రటి వెలుగు, ఆపైన తాటిచెట్టంత మంట లేచింది. సెలవు రోజైనా మెట్ట మండినందుకు ఆఫీసులో అంతా హడావుడి పడ్డారు. గుండం కుతకుత ఉడికి గట్టు పొర్లింది. ముందురోజు లాంచీలో వచ్చి ఉండిపోయిన యాత్రికులు గట్టు మీదికి పరుగెత్తి ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన ఈలలు వేశాడు. ఆ మంట అరగంట ఉంది. అంతసేపూ అక్కాతమ్ముళ్లు బడ్డీ వెనక కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడలేక, ఇసుక వైపు చూస్తూ ఏడ్చారు. తర్వాత పోలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, తమ్ముడి నెత్తి మీద చెయ్యి వేసింది. బావ పోయినప్పటి నుంచి ఆ చెయ్యి అక్కడ పడడం అదే మొదటిసారి.

మంట తగ్గింది. పొగ తగ్గింది. సాయంత్రానికి మెట్ట చల్లబడింది.

సన్మానం వాయిదా పడింది. గుండంలో నీళ్లు మూడు రోజుల్లో గోరువెచ్చనయ్యాయి. యాత్రికులు ఏడు నిమిషాలు లెక్కపెట్టుకుని గుడ్డు పగలగొడితే పచ్చిసొన చేతుల మీద కారింది. ఫిర్యాదుల పుస్తకంలో పేజీలు చాలక దారం కట్టి కాగితాలు కలిపారు. లాంచీ రోజు విడిచి రోజైంది, తర్వాత వారానికొకటైంది. తోటయ్య మాత్రం రోజూ టైముకి గదికి వెళ్లి కూర్చునేవాడు. బావ ముఖం తలుచుకునేవాడు. దుఃఖం వచ్చేది. దుఃఖానికి వేడి లేదు.

మధ్యాహ్నం ఇప్పుడు కేరేజీ రావడం లేదు. అతనే దిగి అక్క ఇంటికి వెళ్లి తినేవాడు. ఇద్దరూ ఎర్రయ్య గురించి మాట్లాడుకునేవాళ్లు. వల అల్లేటప్పుడు అతను పాడే పాటలు, బెల్లం మీద అతని ఆశ, అన్నీ చెప్పుకుని ఒక్కోసారి నవ్వేవాళ్లు. ఆ నవ్వు వీధిలోకి వినిపించేది. వీధిలో మూసి ఉన్న బడ్డీల వాళ్లు ఆ నవ్వు విని పళ్లు నూరుకునేవాళ్లు.

అక్కాతమ్ముళ్ల మాటల్లోంచి డబ్బా సంగతి ఊరంతా పాకింది. నెల తిరిగాక ఊరి పెద్ద బడే లక్ష్ముడు పదిమందిని వెంటబెట్టుకుని పోలమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరే తోటా, నువ్వు సేసింది తప్పే. మాకు అనవసరం. దాన్ని మేవెవరం పట్టించుకోం," అన్నాడు. "కానీ మీరిద్దరూ ఇలా సల్లగా ఉంటే ఊరేటైపోవాల? కాస్త సిగ్గుపడండర్రా."

"రావట్లేదు లక్ష్ముడు మావా," అన్నాడు తోటయ్య. అతను నిజంగానే ప్రయత్నిస్తున్నాడు.

"సిగ్గు లేదేటి నీకు?"

"అదే సెప్తన్నాను."

శాఖ కొత్త ఉద్యోగి కోసం ప్రకటన ఇచ్చింది. దీవిలో నూట ముప్పై మంది దరఖాస్తు చేశారు. ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి సూది చూశారు. కల్తీ సిమెంటుతో బడి కట్టిన కాంట్రాక్టరు వచ్చాడు. తండ్రికి మందు కొననివాడు వచ్చాడు. చెల్లెలి భూమి తన పేర రాయించుకున్నవాడూ వచ్చాడు. అందరూ తప్పులు చేసినవాళ్లే, అందరూ దాచకుండా చెప్పారు. అయితే ప్రతివాడి తప్పుకీ ఒక కారణం ఉంది, ఆ కారణం సమంజసంగానే ఉంది. కారణం దొరికిన చోట వేడి పుట్టదన్నది శాఖకు ఎప్పటి నుంచో ఉన్న అనుభవం. పోస్టు భర్తీ కాలేదు.

చివరికి హైమవతి పోలమ్మ ఇంటికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. మంచినీళ్లు తాగి, ఎలా మొదలుపెట్టాలో తెలియక గ్లాసు చేతిలో తిప్పింది.

"పోలమ్మ గారూ, శాఖ ఎవరినీ తప్పు చేయమని అడగదు. కానీ పై నెలలోపు పొగ రాకపోతే దీవిని సందర్శన స్థలాల జాబితాలోంచి తీసేస్తారు. లాంచీ ఆగిపోతుంది. బియ్యం వచ్చేది కూడా అదే లాంచీలో."

పోలమ్మ కూతురు గుమ్మంలో కూర్చుని ఉంది. పోలమ్మ ఒకసారి కూతురి వైపు చూసింది.

"మెట్ట నోటికాడ తడి కొబ్బరి డొక్కలు కాలిస్తే పొగ రాదేటమ్మా?"

హైమవతి చేతిలో పుస్తకం తెరిచి ఉంది గానీ ఏమీ రాసుకోలేదు. గ్లాసు కింద పెట్టి, "నేను ఈ రోజు మీ ఇంటికి రాలేదు," అని లేచి వెళ్లింది. మర్నాడు శాఖ గిడ్డంగి తలుపు తాళం వేయకుండా వదిలేశారు. లోపల ఖాళీ ఇనుప పీపాలున్నాయి.

లాంచీ వచ్చే రోజున పదహారుమంది పొద్దున్నే పీపాలు, డొక్కల బస్తాలు మోసుకుని మెట్ట ఎక్కారు. తోటయ్య ముందు నడిచాడు. లక్ష్ముడు ఉన్నాడు, బస్తా నెత్తిన పెట్టుకుని పోలమ్మ ఉంది, అందరికంటే వెనక ఖాళీ చేతులతో హైమవతి ఉంది. దారిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. పీపాలను నోటి అంచున రాళ్ల చాటున దించారు. డొక్కల మీద నీళ్లు చిలకరించారు. కింద దారి మలుపులో మొదటి యాత్రికులు కనిపించారు. అందరికంటే ముందు ఒక ముసలాయన. ఇంత దూరం ఆ మెట్టను చూడడానికే వచ్చాడట. చెప్పులు కిందే విడిచి, నల్లరాయి మీద వట్టి కాళ్లతో ఎక్కుతూ, ఇంకా పొగ రాకముందే రెండు చేతులూ జోడించాడు.

రాళ్ల చాటున ఉన్న పదహారుమందీ తలలు దించుకున్నారు. లక్ష్ముడు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పోలమ్మ రాతి వైపు తిరిగి నిలబడింది. అగ్గిపుల్ల గీయబోయిన తోటయ్య చెయ్యి ఆగిపోయింది. కాళ్ల కింద రాయి వెచ్చబడుతోంది. హైమవతి ఉష్ణమాపకం తీసి చూసింది. తన సిగ్గుకు సూది ఎప్పుడూ కదలదని అనుకున్న మనిషి, అది ఎక్కుతూ ఉంటే చూసి, ఎవరికీ కనిపించకుండా అరచేత్తో మూసేసింది.

అగ్గిమెట్ట తనంతట తనే పొగ వదిలింది. తెల్లగా మొదలై, నల్లగా ముదిరి, నోరంతా నిండి ఆకాశానికి ఎక్కింది. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు డొక్కలతో అవసరం పడలేదు. గుండంలో గుడ్లు ఐదు నిమిషాలకే ఉడికాయి.

రెండో లాంచీ రోజున కూడా బస్తాలు మోశారు. అందరూ తలలు దించుకున్నారు, మెట్ట పొగ వదిలింది. కాస్త పలచగా ఉందని ఒక పీపా వెలిగించారు. మూడో వారం దారిలో లక్ష్ముడు ఒక జోకు వేశాడు. రెండు పీపాలు వెలిగించవలసి వచ్చింది. ఐదో వారానికి ఎవరి డొక్కలు బాగా పొగ ఇస్తాయన్న విషయం మీద పెద్ద చర్చ జరిగింది. పచ్చి డొక్కలే మేలని తేలింది. ఎనిమిదో వారం తోటయ్య వంగి రాయి మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

దానివల్ల ఇబ్బందేమీ రాలేదు. గుండం వెనక పొద చాటున బాయిలరు పెట్టి గొట్టం వేశారు. గుడ్లు సరిగ్గా ఏడు నిమిషాలకు ఉడుకుతున్నాయి. పోలమ్మ బడ్డీ పెద్దదైంది, కూతురు చదువుకు తీరం వెళ్లింది. సన్మానం కూడా జరిగింది. నల్లరేవులో రాయి నిలబెట్టారు, దాని మీద నాలుగు వాక్యాలూ చెక్కారు. పోలమ్మ తమ్ముడికి దండ వేసింది. ఇద్దరూ ఫొటోకి నవ్వారు. ఆ రోజు రాతి మీద తేదీ తప్పు పడిందని తప్ప ఎవరికీ ఏ అభ్యంతరమూ తోచలేదు. హైమవతికి పదోన్నతి మీద తీరానికి బదిలీ అయింది. వెళ్లేముందు తోటయ్య హోదాను పొగ సహాయకుడిగా మార్చి, ఉద్యోగం పర్మనెంటు చేయించింది. ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉంటోంది. పొగ ఇప్పుడు వేళకు వస్తోందని, మునుపటి కంటే నిండుగా ఉందని వచ్చినవాళ్లు మెచ్చుకుంటున్నారు.

మొన్న ఒకావిడ గుంపులోంచి విడిపడి, దారి తప్పి, రాళ్ల చాటుకి వచ్చేసింది. పీపాల మీద గోనెపట్టా కప్పి ఉంది. పక్కన మసి చేతులతో తోటయ్య.

"ఏవండీ, ఇది నిజంగా కొండ లోపల్నించి వచ్చే పొగేనా?" అని అడిగింది. ఆమె గొంతులో అనుమానం లేదు. ఎవరైనా అవునంటే వినాలని అడిగినట్టుంది.

"అవునమ్మా," అన్నాడు తోటయ్య. "దీని గుండెల్లోంచి వొస్తది."

ఆమె తృప్తిగా తలాడించి, మెట్టకు ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. తోటయ్య చెప్పులు విడిచి రాతి మీద నిలబడ్డాడు. అరికాళ్లకు ఏమైనా తెలుస్తుందేమోనని కొంతసేపు కదలకుండా చూశాడు. బావను తలుచుకున్నాడు. దండను తలుచుకున్నాడు. ఇప్పుడు వెళ్లిన ఆవిడ జోడించిన చేతుల్ని తలుచుకున్నాడు. రాయి రాయిలాగే ఉంది. కింద రెండో గుంపు మలుపు తిరిగింది. అతను చెప్పులు తొడుక్కుని, గోనెపట్టా తీసి, అగ్గిపుల్ల గీశాడు.